పద్దెనిమిదేళ్లకి తమ్ముడు ఫోన్ చేశాడు, ఆధార్ కార్డు కూడా తెచ్చుకోమన్నాడు. వెళ్లాలా?

అంట్లమ్మ:

అందరికీ నమస్కారమండి. ఇక్కడ ఎవరైనా మొక్కల గురించి అడిగితే నాకు తెలిసింది చెబుతూ ఉంటాను. ఇంటి సంగతి రాయడం ఇదే మొదటిసారి. కొంచెం పెద్దదైంది, ఓపిక చేసుకోండి.

మాది అంబాజీపేట దగ్గర ఒక ఊరు. ఇప్పుడు నేను ఉండేది కడియం పక్కన. నర్సరీలో మొదట కవర్లలో మట్టి నింపేదాన్ని, తర్వాత అంట్లు కట్టడం నేర్చుకున్నాను. నాలుగేళ్లుగా పాతిక సెంట్లు కౌలుకి తీసుకుని సొంతంగా మొక్కలు పెంచుకుంటున్నాను. ఒక్కతే కూతురు, నర్సింగ్ ఆఖరి సంవత్సరం.

నా పెళ్లి 2003లో అయింది. భీమవరం వైపు చెరువులున్న ఇంటికి ఇచ్చారు. ఐదు కాసుల బంగారం పెట్టి, పసుపు కుంకుమ కింద అర ఎకరం కొబ్బరి తోట ఇస్తామని పెద్దల ముందు చెప్పారు. కాగితం రాయలేదు. "ఎక్కడికి పోతాం, తర్వాత రాయిద్దాం" అన్నారు.

ఆ అర ఎకరం ఏదో చెప్పాలి. 1996 నవంబరు 6 తుఫాను మా వైపు వాళ్లకి తెలుసు. తెల్లారి చూస్తే మా తోటలో చెట్లన్నీ ఒకే దిక్కుకి పడుకున్నాయి, ఎవరో చేత్తో పడుకోబెట్టినట్టు. నాకు పదమూడేళ్లు. మరుసటి ఏడు నాన్నగారు ఆ అర ఎకరంలో ముప్పై రెండు మొక్కలు పెట్టారు. బోదెలోంచి బిందెతో నీళ్లు మోసి పోసింది నేనే. వేసవిలో కాలువలు కట్టేస్తే బోదె ఎండిపోయేది, అప్పుడు ఇంటి నూతిలోంచి తోడి మోసేదాన్ని. అందుకే పెళ్లి మాటలప్పుడు నాన్నగారు నవ్వుతూ "దాని చెట్లు దానికే" అన్నారు. పెళ్లయిన ఏడాదే రెండు మూడు చెట్లు మొదటిసారి పిందె కట్టాయి.

కాపురం గురించి ఎక్కువ రాయను. తాగొచ్చి కొట్టేవాడు. ఒకసారి ఎడమ మణికట్టు విరిగింది. అంటు కట్టేటప్పుడు కొమ్మని ఎక్కువసేపు పట్టుకుంటే ఇప్పటికీ లాగుతుంది. 2006 డిసెంబరులో, ముగ్గుల నెలలో, రెండేళ్ల పాపనెత్తుకుని పుట్టింటికి వచ్చేశాను. నాకంటే ముందే మా అత్తగారి ఫోన్ వచ్చేసింది. మీ అమ్మాయి నగలన్నీ పట్టుకుని పారిపోయింది అని.

గుమ్మంలో నాన్నగారు అడిగిన మొదటి మాట "నగలేవి?" అని. తాకట్టులో ఉన్నాయి, చెరువు మేతకని ఆయనే పెట్టాడు అన్నాను. నమ్మలేదు. పక్కనున్న తమ్ముణ్ణి చూపించి, "మొగుణ్ణి వదిలేసి, దొంగ అనిపించుకుని వచ్చినదాన్ని ఇంట్లో పెట్టుకుంటే రేపు వీడికి పిల్లనెవడిస్తాడు? పొద్దున్నే మొదటి బస్సుకి వెళ్లిపో" అన్నారు. తమ్ముడికి అప్పుడు పద్దెనిమిది. నోరు విప్పలేదు.

ఆ రాత్రి పాపా నేనూ అరుగు మీద పడుకున్నాం. పాపకి ఒళ్లు కాలిపోతోంది. రాత్రంతా అరుగు మీద బల్బు వెలుగుతూనే ఉంది. మా ఇంట్లో తొమ్మిదయ్యేసరికి ఆ బల్బు ఆర్పెయ్యాలి, నాన్నగారికి కరెంటు బిల్లంటే అంత పట్టింపు. అమ్మే వేసి ఉంచిందని ఇన్నేళ్లూ అనుకుంటూ వచ్చాను.

పొద్దున్నే రావులపాలెం వచ్చి రాజమండ్రి బస్సెక్కాను. చేతిలో ఉన్న డబ్బు కడియపులంక వరకే సరిపోయింది, అక్కడే దిగిపోయాను. నా బతుకు అక్కడ మొదలవడానికి అంతకు మించి కారణం లేదు.

2011లో విడాకులయ్యాయి. ఆ కేసులోనే తాకట్టు రసీదు బయటపడింది, ఆయన పేరు మీదే, ఆయన సంతకంతోనే. దాని కాపీ నాన్నగారి పేరున రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. అందినట్టు అమ్మ సంతకంతో కార్డు తిరిగొచ్చింది. జవాబు మాత్రం రాలేదు.

మొన్న బుధవారం తమ్ముడు ఫోన్ చేశాడు. నంబరు ఎవరిచ్చారో తెలీదు. "అక్కా, నాన్నకి పక్షవాతం వచ్చింది. మాట సరిగ్గా లేదు, నీ పేరే కలవరిస్తున్నాడు. ఒకసారి రా" అన్నాడు. సరే అనబోతున్నాను. "వచ్చేటప్పుడు ఆధార్ కార్డు, రెండు ఫోటోలు తెచ్చుకో" అన్నాడు.

రెండు రోజుల్నించి నిద్ర లేదండి. మా అమ్మాయి వెళ్లొద్దంటోంది. "నాకు జ్వరమని తెలిసి కూడా బయటే ఉంచారుగా" అంటుంది. వెళ్లాలా? వెళ్తే సంతకం పెట్టాలా?

గోంగూర గాళ్:

వెళ్లకండి ఆంటీ. ఫోటోలు అడిగాడంటే అంతా సెట్ చేసి పెట్టుకున్నట్టే. నంబరు బ్లాక్ చేసి హాయిగా మొక్కలు పెంచుకోండి.

దస్తావేజుల తాత:

అమ్మా, నలభై ఏళ్లు దస్తావేజులు రాసి మానేసినవాణ్ణి. మీ తమ్ముడు ఎలాంటివాడో నాకు తెలీదు. ఆధార్, రెండు ఫోటోలు అంటే మాత్రం బాగా తెలుసు. కాగితం రాసేసి ఉంచారు, నీ వేలిముద్ర ఒక్కటే బాకీ.

నాన్నని చూడాలనుంటే వెళ్లి చూసిరా. కార్డు ఇంట్లో పెట్టి వెళ్లు. మరిచిపోయానని అబద్ధం ఆడకు, తేలేదని చెప్పు.

ఇక ఆస్తి సంగతి. ఆ భూమి మీ నాన్న సొంతంగా కొన్నదైతే ఆయన ఇష్టం, బతికుండగా నీ సంతకంతో పని లేదు. మరి నీ సంతకం ఎందుకడుగుతున్నారు? పిత్రార్జితం అయ్యుంటుంది. కొనేవాడి తరఫు వకీలు "కూతురు కూడా రావాలి" అని పట్టుబట్టి ఉంటాడు. పిత్రార్జితం అయితే కూతురికి పుట్టుకతోనే కొడుకుతో సమానంగా వాటా ఉంది. దేశమంతా 2005 సెప్టెంబరు 9 నుంచి అమలైంది. ఆ రోజుకి తండ్రి బతికి ఉన్నాడా లేదా అన్నదాంతో నిమిత్తం లేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది. మన రాష్ట్రంలో అంతకు ముందే, ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో చట్టం తెచ్చి, 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని ఆడపిల్లలకి వాటా ఇచ్చింది. నీ పెళ్లి 2003లో కదా, రెండు లెక్కల్లోనూ ఉన్నావు.

మెలికలు కూడా ఉన్నాయి. 2004 డిసెంబరు 20 కంటే ముందే పంపకాలు అయిపోయి రిజిస్టరు దస్తావేజు ఉంటే దాన్ని కదపలేం. మీ తాతకి ఆ భూమి ఎలా వచ్చింది, ఆయన ఎప్పుడు పోయాడు, మీ నాన్నకి ఏ దారిన చేరింది, ఇవన్నీ చూడకుండా పిత్రార్జితం అని నేను ముద్ర వేయలేను. పెద్దల ముందు చెప్పిన పసుపు కుంకుమ మాట మంచిదే, కానీ రిజిస్ట్రారు ఆఫీసులో నోటిమాట నిలబడదు.

నీకు ఇస్తామన్నది నిజంగా ఇవ్వాలనుకుంటే ఇప్పటికీ దారుంది. కదలలేని మనిషి కోసం సబ్ రిజిస్ట్రారు ఇంటికే వచ్చి రిజిస్టరు చేస్తాడు. కాకపోతే మీ నాన్నకి తెలివి నిలకడగా ఉండాలి, ఏం రాస్తున్నారో అర్థమవ్వాలి. అది లేకపోతే నీకు రాసిందీ చెల్లదు, వాళ్లకి రాసిందీ చెల్లదు.

వకీలుకి డబ్బు లేదని ఆగకు. ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 1987 చట్టం. కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ వాళ్లుంటారు, వెళ్లి అర్జీ పెట్టుకోవచ్చు.

పాలకొల్లు పిల్ల:

అక్కా, నాది వేరే కథ, కానీ చివరికి నన్నూ ఇలాగే పిలిచారు. నేను వెళ్లాను. "నువ్వైతే బాగా చూసుకుంటావే" అన్నారు. ఆరు నెలలు నాన్నకి దుప్పట్లు ఉతికాను, గొట్టం లోంచి జావ పోశాను. వదిన నడుం నొప్పి అని పుట్టింటికి వెళ్లిపోయింది. నాన్న పోయాక పెద్దకర్మ నాడు ఒక చీర చేతిలో పెట్టి, "నీ పనులు పాడవుతున్నాయేమో, ఇక బయల్దేరు" అన్నారు. ఆ చీర మా గుమస్తా భార్యకి ఇచ్చేశాను.

నేను చెప్పేది ఒకటే. పొద్దున వెళ్లి సాయంత్రం బస్సుకి వచ్చెయ్యి. బ్యాగులో ఒక జత బట్టలు కూడా పెట్టుకోకు. రాత్రికి ఉంటే మర్నాడు చేతికి చీపురిస్తారు.

అంట్లమ్మ:

తాతగారూ, చెల్లీ, చాలా థ్యాంక్స్. బట్టల మాట బాగా చెప్పావమ్మా. నేను నిజంగానే రెండు జతలు మడతపెట్టి పెట్టాను, చదివాక తీసేశాను. తమ్ముడు ఇవాళ మళ్లీ ఫోన్ చేశాడు. నాన్నగారికి ఎలా ఉందో చెప్పలేదు, ఆదివారం వస్తావా సోమవారం వస్తావా అని అడిగాడు. ఆదివారం అన్నాను. "సోమవారం అయితే ఆఫీసు ఉంటుంది" అన్నాడు. ఏ ఆఫీసు అని నేను అడగలేదు.

లంక పిల్లోడు:

నేను మీ తమ్ముడి వైపు మనిషిని. నన్ను తిట్టుకున్నా పర్లేదు.

మా అక్క ఇష్టపడి పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది. ఏడాది తర్వాత కడుపుతో వచ్చింది. నాన్న గేటు తీయలేదు. తాళం చెవి నా జేబులోనే ఉంది. నేను ఇంటర్ చదువుతున్నాను. తీస్తే నాన్న ఏమంటాడో అని భయం. అంతకంటే నిజం చెప్పాలంటే, తీస్తే నా వాటా తగ్గుతుందేమో అన్న ఆలోచన కూడా ఆ వయసులోనే ఒక మూల ఉంది.

పదకొండేళ్లకి మేమూ సంతకానికే పిలిచాం. వచ్చింది. కాగితం చదవను కూడా చదవలేదు, ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టింది. మా ఆవిడ కాఫీ ఇస్తే తాగలేదు. మంచినీళ్లు తన సీసాలోవే తాగి వెళ్లిపోయింది. అదే ఆఖరు. ఇప్పుడు ఫోన్ చేస్తే ఎత్తదు. ఆమె దెబ్బలాడి ఉంటే మేం కూడా దెబ్బలాడి, ఎప్పుడో ఒకప్పుడు కలిసేవాళ్లమేమో. చదవకుండా సంతకం మాత్రం పెట్టకండి మేడమ్.

అంట్లమ్మ:

వెళ్లొచ్చానండి. రాస్తానని మాటిచ్చాను కాబట్టి రాస్తున్నాను.

అరుగు లేదు. దాన్ని తీసేసి, గ్రిల్లు పెట్టి, బండ్లు పెట్టుకునే చోటు చేశారు. మేం పడుకున్న దగ్గర ఇప్పుడు మరదలి స్కూటీ ఉంది. ఏం చెయ్యాలో తెలీక కాసేపు ఆ స్కూటీనే చూస్తూ నిలబడ్డాను. మరదలు బండి చూసి మెచ్చుకుంటున్నాను అనుకుని "పోయినేడు కొన్నామండి వదినగారూ" అంది. తప్పు ఆమెది కాదు, నన్ను చూడడం అదే మొదటిసారి.

నాన్నగారు ముందు గదిలో మంచం మీద ఉన్నారు. కుడి వైపు పడిపోయింది. మనిషి సగమయ్యారు. నేను వెళ్లి కూర్చోగానే నా పేరే పలికారు, ముద్దగా, కానీ పేరు తెలిసింది. నాకు ఏడుపొచ్చింది. తర్వాత ఆయనే "పడవ వచ్చిందా?" అన్నారు. అప్పుడు గుర్తొచ్చింది. నాకు పెట్టింది మా మేనత్త పేరు. ఆవిడ లంకలో కాపురం చేసేది, పుట్టింటికి పడవ మీదే వచ్చేది. నేను పుట్టకముందే పోయింది. ఇన్నాళ్లూ పిలిచింది నన్నో ఆవిణ్ణో ఆ ఇంట్లో ఎవరూ చెప్పలేరు. తమ్ముడు అబద్ధమైతే ఆడలేదు, పేరు నిజమే.

అమ్మ వంటింట్లోనే ఉండిపోయింది. నేనే వెళ్లాను. "చిక్కిపోయావే" అని కొబ్బరి కోరుతూ కూర్చుంది. నేను పంపిన రిజిస్టర్డ్ కవరు గురించి అడిగాను. కోరడం ఆపలేదు. "కోర్టు కాగితం అనుకుని భయపడ్డానే. ఆయనకి చూపిస్తే ఏం గొడవ అవుతుందో అని బియ్యం డబ్బా కింద పెట్టేశాను" అంది. ఉందా అంటే లేచి తెచ్చి ఇచ్చింది. నేను అంటించిన గమ్ము ఇంకా ఊడలేదండి. అప్పుడు నేను కవరు మీద మా అమ్మాయి స్కెచ్ పెన్నుతో అడ్రసు రాశాను, ఆకుపచ్చ అక్షరాలు. అలాగే ఉన్నాయి.

అంటే పద్నాలుగేళ్లు నేను నాన్నగారు చదివి కూడా పలకలేదనుకున్నాను.

కవరు చింపి, రసీదు కాపీ ఆయన కళ్లకి ఎదురుగా పట్టుకున్నాను. "నగలు నేను తీసుకెళ్లలేదు నాన్నగారూ, ఇదిగో" అన్నాను. కాగితం వైపు చూశారు. తర్వాత ఫ్యాను వైపు చూశారు. కళ్లజోడు పెట్టలేదని బయటికి వచ్చాక తట్టింది.

బల్బు సంగతి కూడా అమ్మని అడిగాను. "ఏ బల్బే? నాకు గుర్తు లేదు" అంది.

భోజనం అయ్యాక తమ్ముడు కాగితాలు తెచ్చాడు. కార్డు తేలేదన్నాను. మొహం మాడిపోయింది కానీ కోప్పడలేదు. కాగితం చదువుతానన్నాను. నాలుగు పేజీలు, నిదానంగా చదివాను. హక్కు విడుదల అని ఉంది. "వివాహ సమయమున నాకు ముట్టవలసినదంతయు ముట్టినది" అని నా తరఫున వాళ్లే రాశారు. ఆ అర ఎకరంతో సహా మొత్తం ఒకే ముక్కగా అమ్మేస్తున్నారు, లేఅవుట్ వేస్తారట. నాన్నగారి వైద్యానికే అన్నాడు తమ్ముడు. అప్పులు కూడా ఉన్నట్టున్నాయి, మరదలి మెడలో పసుపుతాడు తప్ప ఏమీ లేదు.

మిగతా భూమిలో నాకేమీ వద్దు, ఆ ముప్పై రెండు చెట్లున్న ముక్క నా పేరున రాయించు, మిగతాదానికి సంతకం పెడతాను అన్నాను. అనుకుని వెళ్లిన మాట కాదు, అప్పటికప్పుడు నోట్లోంచి వచ్చేసింది. "అది మధ్యలో ఉందక్కా, అది లేకపోతే పార్టీ కొనదు" అన్నాడు. ఆ తర్వాత ఇద్దరం మాట్లాడుకోలేదు.

తోటకి ఒక్కదాన్నే వెళ్లాను. ఇరవై ఏడు చెట్లున్నాయి. తెల్లదోమ పట్టేసింది. కింది మట్టల మీద మసి పూసినట్టు నల్లగా ఉంది, చేత్తో తుడిస్తే అంటుకుంటోంది. దింపు తీయించి కూడా చాలా రోజులైనట్టుంది, ఎండు కాయలు రాలి బోదెలో పడి ఉన్నాయి. తిరిగొచ్చి, అమ్మేదైనా సరే అంబాజీపేట పరిశోధన స్థానానికి వెళ్లి అడుగు, పురుగు మందు మాత్రం కొట్టకు, దోమని తినే మంచి పురుగు కూడా చస్తుంది అని తమ్ముడికి చెప్పాను. నర్సరీ బుద్ధి పోదు కదండీ. "సరే అక్కా" అన్నాడు. ఆ రోజు వాడు మామూలుగా మాట్లాడిన మాట అదొక్కటే.

బయల్దేరుతుంటే అమ్మ గ్రిల్లు దాకా వచ్చింది. నా చెయ్యి పట్టుకుంది, ఎడమ మణికట్టే. "ఈసారి వచ్చేటప్పుడు ఆ కార్డు తెచ్చెయ్యవే, వాడు టెన్షన్‌తో నిద్రపోవడం లేదు" అంది.

ఆఖరి బస్సు దొరికింది. జొన్నాడ వంతెన మీద ట్రాఫిక్ జామ్, ఇంటికి చేరేసరికి పది దాటింది. మా అమ్మాయి ఏమీ అడగలేదు, అన్నం పెట్టింది.

తాతగారూ, ఆ భూమి మా తాత నుంచి ఎలా వచ్చిందో తెలియాలంటే ఈసీ, అదే ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల కాగితం, తీయించాలి కదా, ఎప్పటినుంచి తీయించమంటారు?

దస్తావేజుల తాత:

1983 నుంచి కంప్యూటర్లో దొరుకుతుంది తల్లీ. అంతకు ముందువి సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో అడిగి పాత పుస్తకాలు వెతికించుకోవాలి. దేనికైనా సర్వే నంబరు ఉండాలి. పాసుపుస్తకం వాళ్ల దగ్గరే ఉంటుంది, అడిగితే ఇస్తారా?

అంట్లమ్మ:

అడగక్కర్లేదండి. తమ్ముడు మంచినీళ్లకి లోపలికి వెళ్లినప్పుడు నాలుగో పేజీ షెడ్యూలు ఫోన్లో ఫోటో తీసుకున్నాను. సర్వే నంబరు, హద్దులు అన్నీ ఉన్నాయి. మంగళవారం మొక్కల లోడు ఉంది, బుధవారం ఆఫీసుకి వెళ్తాను.